సాలీడును తిరగేసి చూడాలి

ఎందుకు రాస్తున్నానంటే

జంతుశాస్త్రం చదివిన ఇద్దరు పిల్లలు మొన్న మా ఇంటికి వచ్చారు. సాలీళ్ళ మీద పని చెయ్యబోతున్నారట. "ఈ పనికి ఏం కావాలి తాతగారూ?" అని అడిగారు. "మంచి కళ్ళు, ఓపిక" అని చెప్పి కాఫీ ఇచ్చి పంపాను. వాళ్ళు వీధి మలుపు తిరగకముందే నా జవాబు నాకే చప్పగా అనిపించింది. కళ్ళూ ఓపికా దర్జీ పనికీ కావాలి, గడియారాలు బాగుచేసే పనికీ కావాలి. ఈ పనికి ఇంకేదో కావాలి. అదేమిటో ఒక్క మాటలో చెప్పడం నాకు చేతకాదు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను నరసరావుపేట వాణ్ణి. యుద్ధం రోజుల్లో మద్రాసులో ఒక మ్యూజియంలో చేరాను. మా గది తలుపు మీద "కీటకాలు" అని బోర్డు ఉండేది. సాలీడు కీటకం కాదు. కీటకానికి ఆరు కాళ్ళు, సాలీడుకు ఎనిమిది. ఆ సంగతి బోర్డు రాసినవాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. నేను రిటైరయ్యేదాకా ఆ బోర్డు అలాగే ఉంది. నా ఉద్యోగం ఎలా పెరిగింది, జీతం ఎంత అయింది అన్నవి మీకు పనికిరాని సంగతులు. మా పైఅధికారి రాఘవాచారి గారి దగ్గర నేర్చుకున్నవీ, గురజాల కోర్టులో నేర్చుకున్నవీ చెబుతాను.

వీపు అందరూ చూస్తారు

చేరిన మొదటి వారంలోనే రాఘవాచారి గారు ఒక సీసా నా ముందు పెట్టారు. స్పిరిట్‌లో ఒక పెద్ద సాలీడు. అరచెయ్యి అంత ఉంది. "ఇదేమిటో చూసి చెప్పండి" అన్నారు. ఆయన ప్యూనును కూడా "మీరు" అనే మనిషి.

నేను శ్రద్ధగా చూశాను. ఒళ్ళంతా నూగు. బూడిద రంగు వీపు మీద, అంచులు చిరిగిన ఆకు పరిచినట్టు ఒక మచ్చ. కళ్ళు ఎనిమిదీ తల ముందుభాగంలో ఒక చిన్న దిబ్బ మీద గుంపుగా ఉన్నాయి. అదంతా పూసగుచ్చినట్టు చెప్పాను.

"బాగుంది. వీపు అందరూ చూస్తారు. ఇప్పుడు తిరగేయండి" అన్నారు ఆయన.

తిరగేస్తే వేరే జంతువు కనిపించింది. ముందు కాళ్ళ అడుగున పసుపు రంగు, దాని మీద నల్లటి పట్టీలు. పొట్ట అడుగున ముందువైపు నాలుగు లేత మచ్చలు. అవి ఊపిరి తీసుకునే అరలని ఆయన చెప్పారు. మన ఇళ్ళ మూలల్లో గూడు కట్టే సాలీళ్ళలో చాలావాటికి అలాంటివి రెండే. కోరలు చూడమన్నారు. ఇంటి సాలీడు కోరలు పట్టకారులా ఒకదానికెదురుగా ఒకటి మూసుకుంటాయి. దీనివి రెండు గునపాల్లా పక్కపక్కన నిలువుగా దిగుతాయి. అందుకే కరిచేటప్పుడు ముందుభాగం పైకెత్తుతుంది. పాదాల చివర మెత్తని కుచ్చు ఉంటుంది, దానివల్ల నున్నటి గాజు మీద కూడా ఎక్కిపోతుంది.

ఆ పెద్ద సాలీళ్ళు మన దేశంలో ప్రధానంగా రెండు రకాల బతుకు బతుకుతాయి. కొన్ని నేలలో బొరియలు తవ్వుకుని ఉంటాయి. అవి గోధుమరంగు, కురచ, మోటు. వాటిలో కొన్ని కోపం వస్తే నోటి దగ్గర ముళ్ళను రాపాడించి చిర్రుమని చప్పుడు చేస్తాయి. రెండో రకం చెట్ల మీదవి. తొర్రల్లో, ఊడిన బెరడు కింద ఉంటాయి. ఒళ్ళు పలచగా అణిగి ఉంటుంది, సందులో దూరడానికి. శాస్త్రంలో వీటి పేరు పీసిలోథీరియా. రంగురంగుల మృగం అని అర్థం. చెట్టు బెరడు మీద కూర్చుంటే ఆ వీపు మచ్చ బెరడులో కలిసిపోయి మీకు కనిపించదు. బెదిరిస్తే ముందుకాళ్ళు ఎత్తి ఆ పసుపూ నలుపూ చూపిస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ చెట్టు సాలీళ్ళన్నిటికీ వీపు ఇంచుమించు ఒకటే. ఏ జాతిదో చెప్పాలంటే ముందుకాళ్ళ అడుగునా, వెనకకాళ్ళ అడుగునా ఉన్న పట్టీలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో చూడాలి. ఒక జాతికి పొట్ట అడుగున అడ్డంగా లేత పట్టీ ఉంటుంది, ఇంకొకదానికి ఉండదు. అవన్నీ కలిపి చూడాలి. ఒక్క గుర్తు చూసి పేరు పెట్టేవాణ్ణి రాఘవాచారి గారు తన దగ్గర ఉండనిచ్చేవారు కాదు.

రంగు పోయిన సాలీళ్ళు

అంతటి ఆయనా ఒకసారి పొరపడ్డారు. అది చెప్పకపోతే ఆయన గొప్పతనం మీకు తెలియదు.

మ్యూజియం బీరువాల్లో ఎవరో ఎప్పుడో పంపిన నాలుగైదు చెట్టు సాలీళ్ళు ఉండేవి. ముందుకాళ్ళ అడుగున పసుపు లేదు, పాలిపోయిన తెలుపు. ఇలాంటిది ఎవరూ వర్ణించలేదని ఆయన కొత్త జాతిగా వ్యాసం రాశారు. బొమ్మలు గీయించారు. పేరు కూడా ఆలోచించి పెట్టుకున్నారు. వ్యాసం మర్నాడు అచ్చుకు పోవాలి.

ఆ సాయంత్రం, నేను కిందటేడు మాచర్ల అవతలి అడవి నుంచి తెచ్చిన సాలీడు సీసా ఆయన చేతికి వచ్చింది. వేరే పని మీద తీశారు. తెచ్చిననాడు దాని కాళ్ళు పసుపు కొమ్ములా ఉన్నాయి. అది ఆయనకూ గుర్తుంది. ఇప్పుడు తెల్లగా ఉంది. స్పిరిట్ ఆ పసుపును తినేసింది.

ఆయన ఆ సీసాను బీరువాలోని పాత సీసా ఒకదాని పక్కన పెట్టి చూశారు. తర్వాత వ్యాసం కాగితాలు తీసి అడ్డంగా చింపి, బుట్టలో వేసి, చేతులు కడుక్కుని వచ్చారు.

"పేరు పెట్టడం సరదాగా ఉంటుందండీ. అందుకే ముందు పెట్టేసి, ఆ తర్వాత చూస్తాం" అన్నారు. అంతే. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, దాచుకోనూ లేదు. కొత్తగా చేరినవాళ్ళకు ఆ రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి తానే చూపించేవారు.

నేను తర్వాత ఎందరో పెద్దలను చూశాను. పొరపాటు పడని వాళ్ళు లేరు. పొరపాటును అచ్చులో ఉంచి దాన్ని సమర్థించడానికి మరో పది వ్యాసాలు రాసినవాళ్ళు ఉన్నారు. మీకు అలాంటి పైవాడు దొరికితే పని నేర్చుకోండి, బుద్ధి మాత్రం నేర్చుకోకండి.

గురజాల నుంచి కబురు

మా మేనత్త కొడుకు శేషగిరి నరసరావుపేటలో వకీలు. నాకంటే పెద్దవాడు, బావా అని పిలుస్తాను. ఒకరోజు మద్రాసు మ్యూజియంలో మా గదిలోకి నేరుగా వచ్చి నిలబడ్డాడు. దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాడు. రైలంతా సిపాయిలేనట, గుంటూరు నుంచి నిలబడే వచ్చాడట.

"ఒరేయ్ రామ్మూర్తీ, సాలీడు కరిస్తే మనిషి చస్తాడా?" అన్నాడు, కూర్చోకుండానే.

సంగతి ఇది. పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీల్లో యలమంద అనే మనిషి పని చేసేవాడు. బట్టీ పక్కనే గుడిసె. భార్య కోటమ్మ, తల్లి అంకమ్మ, అతనూ. ఒకరోజు పొద్దు పొడవకముందే కడుపునొప్పితో లేచాడు. బండిలో గురజాల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మధ్యాహ్నానికి చనిపోయాడు. అతని చాప తీస్తుంటే పెద్ద సాలీడు గోడ మీదికి పాకిందనీ, దాన్ని రాయితో కొట్టాననీ, అదే కరిచిందనీ కోటమ్మ చెప్పింది. చచ్చిన సాలీడును అందరికీ చూపించింది.

ఎవరూ నమ్మలేదు. ముందురోజు సాయంత్రం మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నారు. ఆమెకు బట్టీ పని మానేసి నడికుడిలో అన్న దగ్గరికి పోవాలని ఉంది. అతను రానన్నాడు. "నువ్వు చస్తేగానీ నాకీ సున్నం వదలదు" అని ఆమె అరిచింది. బట్టీలో అందరూ విన్నారు. చచ్చేముందు అతని కంటిపాపలు బాగా విప్పారి ఉన్నాయని ఆసుపత్రి డాక్టరు రాశాడు. ఉమ్మెత్త గింజలు తిన్నవాడికి పాపలు అలాగే విప్పారుతాయి. కోడలే గింజలు నూరి సంగట్లో కలిపిందని అంకమ్మ పోలీసులకు చెప్పింది. శవపరీక్షలో విషం తేలలేదు. అయినా ఆ గింజల విషం ఒక్కోసారి తేలదని పోలీసుల వాదన. కోటమ్మ గురజాల సబ్‌జైల్లో ఉంది. కేసును పెద్ద కోర్టుకు పంపాలా వద్దా అని అక్కడి మేజిస్ట్రేటు విచారిస్తున్నాడు. పంపితే, ఉరిదాకా పోయే కేసు.

"వాళ్ళన్న నా కాళ్ళు పట్టుకున్నాడు. నువ్వొచ్చి ఆ సాలీడు కరిస్తే చస్తారని ఒక్క ముక్క చెప్పు చాలు" అన్నాడు బావ.

"చూడకుండా ఎలా చెప్తాను బావా?"

"చూసే చెప్పు. రా."

రాఘవాచారి గారు సెలవు ఇచ్చారు. బయల్దేరేటప్పుడు ఇంతే అన్నారు: "అక్కడ అందరికీ మీ దగ్గర నుంచి ఒక పేరు కావాలి. పేరు చెప్పండి. పేరుకు వాళ్ళు తగిలించమన్నవి మాత్రం తగిలించకండి."

సారా సీసా

సాలీడు కోర్టు సొత్తుగా గురజాలలో ఉంది. పోలీసులు దాన్ని సారా సీసాలో వేసి లక్కతో మూశారు. మేజిస్ట్రేటు అనుమతితో గుమాస్తా ముందు కూర్చుని చూశాను. రాయి దెబ్బకు పొట్ట నలిగింది. రెండు కాళ్ళు విడిగా తేలుతున్నాయి. కాళ్ళ మీది పసుపు అప్పటికే సగం పోయింది. అయినా నల్లపట్టీలు సారాలో చెరగలేదు. పట్టీల హద్దు స్పష్టంగా ఉంది. పొట్ట తోలు జాగ్రత్తగా విప్పి చూస్తే అడుగున ఆ లేత అడ్డపట్టీ కూడా ఉంది. మాచర్ల అడవుల్లో నేను పట్టిన జాతే.

ఇంకొకటి కనిపించింది. నోటి పక్కన ఉండే చిన్న చేతుల చివర గుండ్రటి బొడిపె ఉంది. అది ఎదిగిన మగ సాలీడుకే ఉంటుంది. కాళ్ళు సన్నం, ఒళ్ళు చిన్నది. ఆడది ఏళ్ళ తరబడి ఒకే తొర్రలో ఉంటుంది. మగది ఎదిగాక తొర్ర వదిలి ఆడదాన్ని వెతుక్కుంటూ తిరుగుతుంది, ఆ తిరుగుడులోనే కొన్ని నెలలకు చస్తుంది.

బయటికి రాగానే బావ, "ఏంది? చస్తారా?" అన్నాడు.

"నేనెరిగినంతలో చావరు బావా. మా అటెండరును ఇదే జాతి కరిచింది. చెయ్యి వాచిపోయింది. కండరాలు పట్టేసి కేకలు పెట్టాడు. తగ్గిందనుకున్నాక కొన్నాళ్ళకు మళ్ళీ పట్టేశాయి. కానీ బతికే ఉన్నాడు. మనం బయల్దేరేటప్పుడు రైలుదాకా నా పెట్టె మోసింది అతనే."

బావ మొహం వాడిపోయింది. తర్వాత కోపం వచ్చింది. "ఒరేయ్, ఆ పిల్లకి ఉన్నది ఆ సాలీడొక్కటే. అది కూడా నువ్వు లాగేస్తే ఇంక నేను కోర్టులో ఏం మాట్లాడేది? నువ్వు సాక్ష్యమూ చెప్పొద్దు, ఏమీ చెప్పొద్దు. మద్రాసు పో."

కానీ గుమాస్తా అక్కడే ఉన్నాడు, అంతా విన్నాడు. సాయంత్రానికి పోలీసుల తరఫున కేసు నడిపే ఇన్‌స్పెక్టరు నాకు సమను పంపాడు. ముద్దాయి చెప్పిన సాలీడు కథ అబద్ధమని రుజువు చెయ్యడానికి పోలీసు పక్షాన నేను సాక్ష్యం చెప్పాలి. ఆమెను కాపాడటానికి బావ తీసుకొచ్చిన నేను, ఆమెను ఉరికంబం వైపు నెట్టే సాక్షిని అయ్యాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే నా పని అని నాకు తెలుసు. ఆ ఉన్నది ఒక మనిషి ప్రాణం తీసేటట్టుంటే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ నేర్పలేదు.

కోటమ్మ చెప్పింది

మర్నాడు పొద్దున బావను బతిమాలాను. "ఆమెను ఒకసారి చూడనీ. సాలీడు కాకపోతే ఇంకేదో అయ్యుండాలి కదా. అదేమిటో అడుగుదాం" అన్నాను. గొణుక్కుంటూనే తీసుకెళ్ళాడు.

కోటమ్మకు పాతికేళ్ళు ఉంటాయేమో. సున్నంతో చేతులు పగిలి ఉన్నాయి. మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

"అమ్మా, ఆ రోజు పొద్దున ఏం జరిగిందో, సాలీడు సంగతి వదిలేసి, మిగతాది చెప్పు" అన్నాను.

"సాలీడే కదయ్యా కరిచింది."

"కరిచినప్పుడు చూశావా?"

"లేదు. చాప తీస్తే గోడెక్కింది."

"అది తర్వాత. ముందు ఆయన ఎలా ఉన్నాడు?"

"కడుపులో నొప్పన్నాడు. గొంతు పట్టేసింది, మంచినీళ్ళు కూడా దిగట్లా అన్నాడు. తెల్లారేతలికి మాట ముద్దగా వచ్చింది. రెప్పలు వాలిపోయినయ్. నిద్దరొస్తందా అంటే, లేదే, కళ్ళు తెరుద్దామంటే తెరుచుకోటల్లా అన్నాడు. నేను ఏలితో ఎత్తితే నన్ను చూశాడు."

"ఒంటి మీద వాపు ఉందా? మంటా, పోటూ అన్నాడా?"

"ఏంలేదు. కరిచినట్టే తెలీదన్నాడు."

"పిచ్చిగా మాట్లాడాడా? లేచి పరిగెత్తాడా? గాల్లో ఏదో పట్టుకుంటున్నట్టు చేతులాడించాడా?"

"అయ్యో, లేదయ్యా. బండిలో పొయ్యేటప్పుడు కూడా తెలివిలోనే ఉన్నాడు. మాట రాకపోయినా తెలివి పోలా."

మా మ్యూజియంలో పక్కగది పాములది. అక్కడి వాళ్ళతో రోజూ టీ తాగేవాణ్ణి. ఇంత వివరంగా కాకపోయినా ఈ మాటలు అక్కడ విన్నాను. నేల మీద పడుకున్నవాడిని కట్లపాము కాటేస్తే నొప్పి తెలియదు, గాటు కూడా ఒక్కోసారి కనిపించదు. కడుపునొప్పి వస్తుంది. రెప్పలు వాలతాయి, గొంతు పడిపోతుంది, చివరకు ఊపిరి ఆగుతుంది. తెలివి మాత్రం చాలాసేపు ఉంటుంది. పాపలు కూడా విప్పారవచ్చు. ఉమ్మెత్త తిన్నవాడు అలా పడి ఉండడు. నోరు ఎండిపోయి, ఒళ్ళు కాలిపోతూ, పిచ్చెత్తినట్టు పెనుగులాడతాడు.

విప్పారిన పాపలు అనే ఒక్క గుర్తు పట్టుకుని పోలీసులు ఉమ్మెత్త అన్నారు. చాప దగ్గర కనిపించింది అనే ఒక్క గుర్తు పట్టుకుని ఈమె సాలీడు అంది.

బయటికొచ్చాక బావకు చెప్పాను. అతను వింటూ నడుస్తున్నవాడు ఆగిపోయాడు.

"ఇది నువ్వు కోర్టులో చెప్పొచ్చు కదరా."

"నేను డాక్టర్ని కాదు బావా. పాము గురించి నేను చెబితే ఇన్‌స్పెక్టరు ఒక్క మాటతో కొట్టేస్తాడు. నన్ను సాలీడు గురించే అడుగు. దీని కాటు ఎలా ఉంటుందో నా చేత పూర్తిగా చెప్పించు. తర్వాత డాక్టరును మళ్ళీ పిలిపించు. పాపలు చూసినవాడు రెప్పలు కూడా చూసే ఉంటాడు. అడిగినవాళ్ళు లేరు."

"మరి ఆ సాలీడు గుడిశలోకి ఎట్టా వచ్చిందంటే? చుట్టూ ఒక్క చెట్టు లేదు. అడివిలో ఉండే పురుగును ఎవరిచేతో తెప్పించి పెట్టిందంటన్నాడు ఇన్‌స్పెక్టరు."

అది చూడటానికి ఇద్దరం పిడుగురాళ్ల పోయాం. బావ చెప్పింది నిజమే. ఎటు చూసినా రాయి, గుంటలు, తెల్లటి దుమ్ము. ఆకు మీద కూడా సున్నమే. కానీ గుడిసె గోడకు ఆనించి మొద్దుల గుట్ట ఉంది. బట్టీలో కాల్చడానికి మాచర్ల వైపు అడవి నుంచి బండ్ల మీద తెచ్చినవి. బట్టీ మనిషి ఒకతని సాయంతో కర్రతో ఒక్కొక్కటే దొర్లించాం. ఒక పుచ్చిన మొద్దు తొర్రలో పట్టులాంటి దట్టమైన గూడు, అందులో ఆడ సాలీడు. ముందుకాళ్ళెత్తి పసుపు చూపించింది. దాన్ని డబ్బాలో పెట్టుకున్నాను. గుట్ట కింద రాళ్ళ సందులు చాలా ఉన్నాయి. పాము కనిపించలేదు. కనిపించిందని ఈ కథలో రాస్తే మీకు తృప్తిగా ఉండేది, కానీ కనిపించలేదు.

బోనులో

కోర్టు రోజు అంకమ్మ ముందు వరసలో నేల మీద కూర్చుంది. కోటమ్మ వైపు చూడలేదు.

ఇన్‌స్పెక్టరు నన్ను అడిగాడు. జాతి చెప్పాను. ఎలా గుర్తుపట్టానో చెప్పాను.

"దీని కాటుతో మనిషి చనిపోతాడా?"

"చదివినంతలో, చూసినంతలో, చనిపోయినట్టు నాకు తెలియదు."

"అంటే ముద్దాయి చెప్పింది అబద్ధం."

"ఆ మాట నేను అనలేదు."

"అడిగినదానికి చెప్పండి. యలమంద చావుకు ఈ సాలీడు కారణం కాదు. అంతేనా?"

"నాకు తెలిసినంతలో, కాదు."

"చాలు" అని అతను కూర్చున్నాడు. వెనక కోటమ్మ "అయ్యో" అనడం వినిపించింది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

బావ లేచాడు. ఈ సాలీడు పిడుగురాళ్లలో ఉంటుందా అని అడిగాడు. ఉండదు, చెట్ల మీద ఉంటుంది, అడవి మొద్దులతో వచ్చింది, గుట్టలో ఆడది దొరికింది, ఇది దాన్ని వెతుకుతూ తిరిగే మగది అన్నాను. డబ్బా చూపించాను. మేజిస్ట్రేటు కుర్చీలోంచి ముందుకు వంగి చూసి, వెంటనే వెనక్కి జరిగాడు.

"అయితే ఆ రోజు గోడ మీద ఇది కనిపించడం సహజమే?"

"సహజమే."

"ఇది కరిస్తే మనిషి ఎట్లా ఉంటాడు?"

చెప్పాను. కరిచిన చోట పోటు, వాపు, కండరాలు పట్టెయ్యడం. రెప్పలు వాలినట్టు నేను చూడలేదన్నాను.

డాక్టరును మళ్ళీ పిలవాలని బావ మనవి చేశాడు. ఇన్‌స్పెక్టరు అడ్డుచెప్పినా మేజిస్ట్రేటు ఒప్పుకున్నాడు. ఆసుపత్రి దగ్గరే కాబట్టి కాసేపటికి డాక్టరు వచ్చాడు. వయసులో చిన్నవాడు, అలిసిపోయి ఉన్నాడు.

"మీరు యలమంద కంటిపాపలు ఎట్లా చూశారు?" అన్నాడు బావ.

"ఎట్లా అంటే? రెప్ప ఎత్తి చూశాను."

"ఎందుకు ఎత్తాల్సి వచ్చింది?"

డాక్టరు జవాబు చెప్పబోయి ఆగాడు. "వాలిపోయి ఉన్నాయి. రెండూ. తనంతట తాను తెరవలేకపోయాడు."

"స్పృహ లేదా?"

"ఉంది. తెలుస్తోందో లేదో చూడటానికి నా చెయ్యి నొక్కమన్నాను. నా చెయ్యి నొక్కలేదు. పక్కన భార్య చెయ్యి ఉంది, అది వెతికి పట్టుకుని నొక్కాడు. చివరిదాకా వదల్లేదు."

"ఉమ్మెత్త తిన్న రోగులను చూశారా?"

"చూశాను." మేజిస్ట్రేటు వైపు తిరిగి, "అయ్యా, వాళ్ళు ఇలా ఉండరు. ఆ రోజు ఆసుపత్రి కిటకిటలాడుతోంది. గాటు కనిపించలేదు, పాము సంగతి ఎవరూ అనలేదు. ఇప్పుడు అన్నీ కలిపి చూస్తే, కట్లపాము కాటు అనే నా అభిప్రాయం" అన్నాడు.

నన్ను ఎవరైనా మీ జీవితంలో ధైర్యస్థుణ్ణి చూశారా అని అడిగితే ఆ డాక్టరునే చెప్తాను. పేరు మాత్రం మర్చిపోయాను.

మేజిస్ట్రేటు కేసు కొట్టేశాడు. కోటమ్మను వదిలిపెట్టమన్నాడు.

కోర్టు ఆవరణలో

బావ బయటికొచ్చి నా వీపు మీద ఒక్కటి చరిచాడు. "పోలీసుల సాక్షివి, భోజనం మాత్రం మా ఇంట్లో" అన్నాడు. అతనికి కళ్ళలో నీళ్ళున్నాయి.

కోటమ్మ నా దగ్గరికొచ్చి దణ్ణం పెట్టింది. "కాదు అన్నావుగా అయ్యా, అప్పుడు నా పని అయిపోయిందనుకున్నా" అంది. "మొద్దులు గోడకు దూరంగా వేయించమ్మా. ఇకమీదట మంచం మీద పడుకోండి" అన్నాను. తల ఊపింది.

అంకమ్మ కోర్టు గోడ నీడన కూలబడి ఉంది. కోటమ్మ వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడింది. మేము కొంచెం ఎడంగా ఆగాం. ఆ ముసలామె తిడుతుందో, ఏడుస్తుందో అనుకున్నాను.

"ఆకర్న వాడు నీ చెయ్యి పట్టుకున్నాడంట" అంది అంకమ్మ, తల ఎత్తకుండా.

"ఆఁ."

"నొక్కాడా?"

"నొక్కాడత్తా. గట్టిగానే నొక్కాడు."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

కోటమ్మ వంగి, ముసలామె సంచీ తీసి భుజాన వేసుకుంది.

"నువ్వడగలా అత్తా" అంది.